మన పొయ్యి, మన పొగ

ఆదిలాబాద్ కొండల్లో చలి ఎట్లుంటుందో మన పిల్లలకు చెప్పనక్కర్లేదు. తిర్యాణి, సిర్పూర్ (యు) వైపు చలికాలం రాత్రుల్లో పది డిగ్రీల కంటే కిందికి పడిపోవడం మామూలే. ఆ రాత్రుల్లో మా అవ్వ పొయ్యి పక్కనే పడుకునేది. చలి తగిలినప్పుడల్లా లేచి కట్టెను లోపలికి తోసేది. బీడీ కూడా ముట్టని మనిషి, కానీ దగ్గు ఎన్నడూ విడవలేదు. ఆస్పత్రిలో క్షయ అనుకొని తెమడ పరీక్ష చేశారు, కాదన్నారు. ఇంట్లో పొగ ఉంటుందా అని ఎవరూ అడగలేదు.

మన ఇంట్లో పొయ్యి వంటకే కాదు. చలి కాచుకోవడానికి, దోమలను తరమడానికి, విత్తనాల కంకులకు పురుగు పట్టకుండా చూడటానికి కూడా అదే. పాత ఇళ్లల్లో తడక గోడల సందుల్లోంచి, గడ్డి కప్పులోంచి కొంత పొగ బయటికి పోయేది. అప్పుడూ హాని ఉంది. కానీ ఇప్పుడు స్లాబు ఇంట్లో, రేకుల గదిలో అదే పొయ్యి పెడితే పొగకు దారే లేదు.

పొగలేని పొయ్యి ఆలోచన మనకు దూరంలో పుట్టింది కాదు. ఆదిలాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న కాలంలోనే, హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారుచేశారు. 1953లో దానిపై పుస్తకం వేశారు. కోట్లాది మందికి పొగలేని వంటిళ్లు అని ఆ పుస్తకం పేరుకు అర్థం. మంచి పని. కానీ మన గూడేల్లో వంట, పడక, చలిమంట చాలామందికి ఒకే కప్పు కింద. వంటిల్లు అని వేరే గది ఎక్కడిది?

కట్టె కథ కూడా మారింది. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి మనవాళ్లను వెళ్లగొట్టారు. ఆ పోరులోనే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము ప్రాణమిచ్చాడు. ఎండిన మంచి కట్టె దొరకడం కష్టమైన కొద్దీ పత్తి కట్టె, పచ్చి కొమ్మలు పొయ్యిలోకి వచ్చాయి. పచ్చి కట్టెకు మంట తక్కువ, పొగ ఎక్కువ.

1980లలో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం తెచ్చింది. దేశమంతా మూడు కోట్లకు పైగా పంచినట్టు లెక్క చూపి 2002లో ఆపేసింది. చాలాచోట్ల పొయ్యి పగిలితే, గొట్టం మూసుకుపోతే బాగుచేసేవాళ్లు లేరు. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో గ్యాసు వచ్చింది. గ్యాసు అన్నం వండుతుంది, రాత్రంతా ఇంటిని వెచ్చగా ఉంచదు. అందుకే సిలిండరు ఉన్న ఇంట్లోనూ చలికాలం కట్టెలు కాలుతూనే ఉన్నాయి. దీన్ని చూసి మనవాళ్లకు తెలివి లేదన్నారు. చలిని లెక్కలో వేసుకోనిది ఎవరు?

పొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. పసిపిల్లలకు న్యుమోనియా, ఆడవాళ్లకు తగ్గని ఆయాసం, కంటి శుక్లం దాని పనే కావచ్చు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఐదేళ్లలోపు పిల్లలు రెండు లక్షల ముప్పై ఏడు వేలకు పైనే. ఇంకొకటి మరువద్దు. పొగ రాని నిప్పులు కూడా ప్రమాదమే. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకుంటే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చలిమంట వాకిట్లో వేసుకుందాం. కట్టెను వానకు ముందే ఎండబెట్టి దాచుకుందాం. ఇల్లు కట్టేటప్పుడు పొయ్యి మీద పొగ పోయే దారి అడిగి పెట్టించుకుందాం. పసిపిల్లను ఒళ్లో పెట్టుకొని పొయ్యి ఊదవద్దని తల్లులకు చెబుదాం. పథకాలు తెచ్చే అధికారులను చలికి ఏం ఇస్తారని అడుగుదాం. ఉపాధ్యాయులు పిల్లల చేత ఒక పని చేయించవచ్చు: తాతల కాలంలో పొయ్యి ఇంట్లో ఎక్కడ ఉండేది, ఏ కట్టె కాల్చేవారు, ఎవరు దగ్గేవారు, ప్రతి ఇంట్లో అడిగి రాయించండి. మా అవ్వ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. మీ అవ్వల సంగతి మీ నోటుపుస్తకాల్లోనైనా ఉండాలి.