సున్నపు తేట, రాతి పగడం

పగడానికి సంస్కృత నిఘంటువులు చెప్పే పేర్లలో రెండింటిని గమనించండి. ఒకటి ప్రవాళం, రెండవది విద్రుమం. ప్రవాళమంటే లేతచిగురు అని కూడా అర్థం ఉన్నది. విద్రుమమంటే విశిష్టమైన ద్రుమం, అంటే చెట్టు. మన పూర్వులు పగడాన్ని చూసినప్పుడు వారి కంటికి తోచినది వృక్షమేనన్నమాట. పాశ్చాత్యులు కూడా పద్ధెనిమిదవ శతాబ్దం దాకా అలాగే భావించారు. 1720లలో మార్సెయ్ నగరానికి చెందిన పేసొనెల్ అనే వైద్యుడు, పగడం మీద కనిపించేవి పువ్వులు కావు, చిన్న జంతువులు అని చెప్తే, నాటి ఫ్రెంచి పండితులు నమ్మలేదు. రెయోమ్యూర్ అంతటి శాస్త్రజ్ఞుడు సైతం మొదట కొట్టిపారేసి, ఇరవై ఏళ్ళు గడవకముందే ఒప్పుకోవలసి వచ్చింది.

రాయా, చెట్టా, జంతువా? రాతి పగడం విషయంలో మూడు మాటలూ నిజమే. అది రాతిని కట్టుకునే జంతువు. ఉష్ణమండల సముద్రాలలో దిబ్బలు కట్టే జాతుల దేహంలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. ఎండపొడలో ఆ నాచు వండిన ఆహారంలో అధికభాగం ఆతిథ్యమిచ్చిన జంతువుకే చెందుతుంది. మన బామ్మల మెడలో మెరిసిన ఎర్రపగడం దీనికి దూరపు చుట్టం మాత్రమే, అది వేరే తెగ. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో, సుంకం కట్టవలసిన సరకుల పట్టికలో పగడాలు కనిపిస్తాయి. అవి నగల పగడాలే అయి ఉండాలి. నేనిక్కడ చెప్పబోయేది దిబ్బలు కట్టే రాతి పగడాన్ని గురించి, దానిని మనుషులు ఇంట్లో గాజుతొట్టిలో బ్రతికించడం నేర్చుకున్న కథ గురించి.

దుర్గిలో కూర్చున్న తెలుగు పండితుడికి సముద్రపు ముచ్చట ఎందుకని చదువరులు అడగవచ్చు. మాది ఉలిచప్పుడు వినబడే ఊరు, శిల్పుల ఊరు. మా పల్నాడంతా సున్నపురాతి నేల. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు బుద్ధుని కథలను చెక్కినది ఈ రాతి మీదనే. మాచర్ల వైపు సిమెంటు కర్మాగారాలు నిలిచినవి కూడా దీనిని నమ్ముకునే. ఈ రాయి ఒకానొక ప్రాచీన సముద్రపు అడుగున పేరుకున్న సున్నమే. రాతి పగడాల వంశం భూమి మీద కనిపించి దాదాపు 24 కోట్ల ఏళ్ళయితే, మా రాయి అంతకన్నా ఎంతో ముందటిది. పగడం తన గూటికి వాడే పదార్థమూ, మా శిల్పి ఉలి కింద రాలే పొడీ రసాయన దృష్టితో చూస్తే ఒక్కటే. కాబట్టి ఈ కథ మాకు అంత పరాయిది కాదు.

కథ 1846లో ఇంగ్లండులో మొదలవుతుంది. ఆనా థిన్ అనే గృహిణి, లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పనిచేసే మతాధికారి భార్య, టార్కీ సముద్రతీరానికి వెళ్ళి అక్కడి రాళ్ళకు అంటుకున్న చిన్న పగడాలను చూసి ముచ్చటపడింది. వాటిని సూదీదారంతో స్పాంజికి కుట్టి, సముద్రపు నీరు నింపిన జాడీలో పెట్టి లండనుకు తెచ్చుకున్నది. అక్కడికి సముద్రం దూరం. రోజూ క్రొత్త నీరు తెప్పించడం సాధ్యం కాదు. నీటికి గాలి తగలాలని ఆమెకు తట్టింది. తెరిచిన కిటికీ ముందు నిలబడి, వేడి పాలు చల్లార్చినట్టు, అరగంటో ముప్పావుగంటో ఆ నీటిని ఒక పాత్రలోనుంచి మరొక పాత్రలోకి తిరగబోయడం ఆ ఇంటి పనిపిల్ల వంతు అయింది. మరుసటి వసంతంలో ఆమె సముద్రపు నాచును కూడా తెప్పించి నీటిలో వేసింది. పగడాలు బ్రతికాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. ఆమె రాసుకున్న వివరాలు 1859లో ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. దొరసాని పేరు చరిత్రలో నిలిచింది. చేతులు నొప్పిపుట్టేలా నీరు తిరగబోసిన ఆ పిల్ల పేరు నిలవలేదు. ఈనాడు లక్షల ఇళ్ళలో విద్యుత్తు పంపు చేసే పనిని ఆనాడు చేసినది ఆ పిల్ల చేతులే.

అప్పటికి ఇంగ్లండులో గాజు మీద పన్ను 1845లో తొలగిపోయి, గాజు చవక అయింది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మొదటి మత్స్యగృహం తెరిచారు. దానికి తోడ్పడిన ఫిలిప్ గాస్ మరుసటి ఏడాది రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అన్న మాట ఇంటింటా ప్రచారమైంది. ఆయన కూడా డెవన్ తీరపు పగడాలను గిన్నెల్లో పెంచి, వాటికి మాంసపు తునకలు తినిపించి, అవి నోరు తెరిచి మింగే విధానాన్ని వర్ణించాడు.

ఒక చిక్కు ఉన్నది. ఇంగ్లండు తీరపు ఆ పగడాల దేహంలో నాచు ఉండదు. అవి చీకటిలోనూ బ్రతుకుతాయి, పట్టుకున్నది తింటాయి. వాటితో వచ్చిన విజయం ఉష్ణమండలపు పగడాలకు పనికిరాలేదు. దిబ్బలు కట్టే పగడాన్ని ఎవరు తెచ్చి తొట్టిలో పెట్టినా కొద్దికాలానికే కండ కరిగి తెల్లని ఎముక మిగిలేది. దాదాపు నూరేళ్ళపాటు అక్వేరియంలలో ప్రజలు చూసిన పగడం చాలావరకు ఆ ఎముకే, చేపల వెనుక అలంకారంగా నిలిపిన అస్థిపంజరం.

మన వైపు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఎడ్గర్ థర్‌స్టన్ చొరవతో 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున సముద్రజీవుల ప్రదర్శనశాల వెలిసింది. ఈ దేశంలో అటువంటిది అదే మొదటిది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో నగరానికి వెళ్ళివచ్చిన తెలుగువారికి అది ఒక వింత. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అది మూతపడింది. మన కోస్తాలో మాత్రం పగడపు దిబ్బలు కట్టుకోలేదు. గోదావరి, కృష్ణ తెచ్చి కలిపే మంచినీరు, ఒండ్రుమట్టి పగడానికి గిట్టవు. దానికి తేటనీరు, నిలకడైన ఉప్పదనం, ఎండ కావాలి. అందుకే ఈ దేశంలో పగడపు దిబ్బలను చూడాలంటే మన్నారు సింధుశాఖకో, కచ్‌కో, లక్షదీవులకో, అండమాన్ నికోబార్‌లకో పోవాలి.

ఎండ సంగతి ఇరవయ్యవ శతాబ్దంలో తేలింది. పలావు దీవులలోని జపాను పరిశోధనశాలలో పనిచేసిన కవగూటి, పగడంలోని నాచు ఏ తెగదో 1944లో ప్రకటించాడు. 1956లో న్యూ కాలెడోనియా దీవిలోని నూమెయాలో రెనే కటాలా, ఆయన భార్య కలిసి తెరిచిన అక్వేరియంలో బ్రతికిన రాతి పగడాలను జనం చూడగలిగారు. అక్కడ పక్కనే సముద్రం, తొట్టిలోకి నిరంతరం క్రొత్త నీరు పారేది. నీలలోహిత కిరణాల కింద పగడాలు ఆకుపచ్చగా, నారింజరంగుగా వెలగడం లోకానికి తెలిపినది కూడా వారే.

సముద్రపు నీరు పారే సౌకర్యం లేని మామూలు గృహస్థుడికి దారి చూపినవాడు జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్. 1961లో ఒక అమెరికన్ పత్రికలో ఆయన తన పద్ధతిని వివరించాడు. యంత్రాలు దాదాపు లేవు. సముద్రంనుండి తెచ్చిన సజీవమైన రాయి, గాలి బుడగలు, సూర్యరశ్మి, అంతే. రాతి రంధ్రాలలో కాపురముండే సూక్ష్మజీవులే నీటిలోని మలినాలను హరించేవి. ఇతరులు తొట్టిలోని రాళ్ళను కడిగి, మరిగించి, శుభ్రంగా పెట్టుకుంటున్న కాలంలో, ఆ ‘మురికే’ ప్రాణమని ఆయన గ్రహించాడు. ఆయనకు సముద్రం దగ్గర, ఎండ పుష్కలం. చలిదేశాలవారికి అవి లేవు కనుక వెంటనే అనుసరించలేకపోయారు.

ఆ లోటు జర్మనులు తీర్చారు. 1960లలో వారు నురగ తీసే గొట్టాన్ని రూపొందించారు. బెల్లం వండేవారు కాగే చెరకురసం మీద తేలిన మడ్డిని తీసివేస్తారు కదా, అలాగే సన్నని గాలిబుడగలకు అంటుకుని పైకి వచ్చే మలినాన్ని నీరు కుళ్ళకముందే తీసివేసే సాధనమది. తరువాత ఎండకు బదులుగా తీవ్రమైన దీపాలు వచ్చాయి. గాలి, మలినం, వెలుగు కుదిరాయి. అయినా రాతి పగడం ఎదగలేదు. మెత్తని పగడాలు పెరిగేవి గాని, రాయి కట్టేవి మాత్రం నిలిచినచోటనే నిలిచేవి.

ఆ ముడి విప్పినవాడు స్విట్జర్లాండుకు చెందిన పీటర్ విల్కెన్స్. పగడం రోజూ రాయి కట్టాలంటే రోజూ సున్నం కావాలి. సముద్రం అనంతం కాబట్టి అక్కడ తరుగు తెలియదు. తొట్టిలో కొద్ది రోజులకే సున్నం అడుగంటుతుంది. తొట్టిలో ఆవిరైపోయిన నీటికి బదులుగా ఆయన 1970లలో ‘కాల్క్‌వాసర్’ను బొట్టుబొట్టుగా పోయించాడు.

అమెరికాలో ఇంట్లో పగడపు తొట్టి పెంచుతున్న నా పూర్వవిద్యార్థి ఒకరు, “మాస్టారూ, ఈ కాల్క్‌వాసర్‌కు తెలుగులో ఏమంటారండీ?” అని ఒకసారి అడిగాడు. క్రొత్తమాట కల్పించవలసిన పని లేదు. దాని పేరు సున్నపు తేట. వెల్లవేయడానికి సున్నం నానవేసిన తొట్టిలో, సున్నం అడుగుకు దిగాక పైన నిలిచే తేటనీరు అదే. దానిని గాలికి వదిలేస్తే మీగడ కట్టినట్టు పలుచని పొర కడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి సున్నం తిరిగి రాయి అయిందన్నమాట. పగడం ఆ పనినే తన దేహం కింద, తన అదుపులో, తనకు కావలసిన ఆకారంలో చేసుకుంటుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, సున్నపు తేటలో దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. క్షారగుణం అధికం కనుక ఒక్కసారి గుమ్మరిస్తే తొట్టిలోని ప్రాణులు చస్తాయి. బొట్టుబొట్టుగా పోయాలి.

ఇక బెర్లిన్‌కు చెందిన డీట్రిష్ స్ట్యూబర్ పేరు చెప్పకపోతే కథ పూర్తికాదు. సజీవమైన రాళ్ళు, నురగగొట్టం, తీవ్రమైన దీపం, సున్నపు తేట కలిపి బెర్లిన్ పద్ధతి అన్నారు. ఆయన తొట్టిలో జింకకొమ్ముల పగడపు చిన్నతునక ఒకటి పెరిగి పెద్దదయింది. 1980ల తొలినాళ్ళనుండి ఆయన దాని కొమ్మలు త్రుంచి తోటి అభిరుచిపరులకు పంచిపెట్టాడు. వారు మళ్ళీ త్రుంచి పంచారు. మన పెరళ్ళలో మల్లెఅంటు, కరివేపాకు పిలక చేతులు మారినట్టే. పగడాన్ని ప్రవాళమని, చిగురని పిలిచిన మన పూర్వుల చూపు ఇక్కడ అక్షరాలా నిజమయింది. అమెరికాలో 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో ఇంటి పగడపు తొట్టి మోజు మొదలయింది. 1994లో డెల్బీక్, స్ప్రంగ్‌ల గ్రంథం వచ్చేసరికి బెర్లిన్ పద్ధతి అక్కడ కూడా స్థిరపడింది.

ఈ విద్యకు రెండు ముఖాలున్నాయని నేను భావిస్తాను. ఒకటి పెంచడం, రెండవది తెచ్చిపెట్టుకోవడం. ఒక అంటునుండి వెయ్యి ఇళ్ళకు పగడాన్ని పంచడం మొదటిది. తొట్టిలో చచ్చినకొద్దీ సముద్రంనుండి మళ్ళీ పెకలించి తేవడం రెండవది. రెండవదానికి వెరచే ఫిలిప్పీన్స్ 1977లోనే పగడాల ఎగుమతిని నిషేధించింది. 1990 నాటికి రాతి పగడాలన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందకు వచ్చాయి. భారతదేశం 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా చేర్చింది. కాబట్టి ఇక్కడ ఎవరైనా పగడాన్ని అమ్మజూపితే అది నేరమని తెలుసుకోవాలి. ఆ కాఠిన్యానికి కారణం ఉన్నది. తూత్తుకుడి ప్రాంతంలో తరతరాలుగా పగడపు రాళ్ళను పడవలకెత్తి తెచ్చి గోడలు కట్టారు, కాల్చి సున్నం చేశారు. ఒకచోట పగడాన్ని బ్రతికించడానికి బొట్టుబొట్టుగా సున్నం పోస్తూ ఉంటే, మరొకచోట సున్నం కోసం పగడాన్నే బట్టీలో వేశారు.

ఇప్పుడు సముద్రమే వేడెక్కుతున్నది. 1998, 2010, 2014–17, మళ్ళీ 2023నుండి, ప్రపంచవ్యాప్తంగా పగడాలు తమలోని నాచును పోగొట్టుకుని పాలిపోయాయి. బొగ్గుపులుసు వాయువు ఎక్కువైన నీటిలో రాయి కట్టడం కూడా వాటికి కష్టమవుతున్నది. తొట్టిలో నేర్చిన విద్య అక్కరకు వచ్చినది ఈ దశలోనే. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ పరిశోధనసంస్థవారు 2002నుండి పగడపు తునకలను పాడైన దిబ్బల మీద నాటుతున్నారు. లండనులోని హార్నిమన్ మ్యూజియంలో, చంద్రుని వెన్నెలనూ ఋతువుల వేడినీ దీపాలతో, యంత్రాలతో అనుకరించి, పగడాలు అనుకున్న వేళకు తొట్టిలోనే గర్భకణాలు విడిచేటట్లు చేయగలిగారు. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. 2023 వేసవిలో ఫ్లోరిడా సముద్రం కాగిపోయినప్పుడు, సముద్రపు నారుమళ్ళలోని పగడాలను ఒడ్డున ఉన్న తొట్లలోకి తరలించి కాపాడుకున్నారు.

ఆలోచిస్తే ఈ విద్యలోని ఒక్కొక్క మెట్టూ ఎంత సామాన్యమైనదో! నీటిని తిరగబోయడం, కడగని రాయి, తీసివేసిన మడ్డి, సున్నపు తేట, పొరుగింటికిచ్చిన అంటు. ఇవన్నీ మన ఇళ్ళలో ఆడవారికీ, వెల్లవేసేవారికీ, తోటమాలులకూ తెలిసిన పనులే. గాజుతొట్టి సముద్రానికి సాటి రాదు. తొట్టిలో బ్రతికిన తునకను తిరిగి నాటడానికి చల్లని సముద్రం మిగలకపోతే, ఆ తొట్టి ఒక పేటికగానే మిగిలిపోతుంది. మన్నారు దీవులవైపు వెళ్ళే మిత్రులు ఒడ్డున దొరికిన పగడపు ముక్కను జ్ఞాపకంగా సంచిలో వేసుకోకుండా, ఉన్నచోటనే చూసి రావలసిందిగా నా విన్నపం.