తప్పు చేయుటకొక లోకము

విశాఖపట్టణమున, సముద్రమునకు అభిముఖమైన కొండవాలుపై, 1923 జులై 19వ తేదీన నాటి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి పానగల్లు రాజావారు కింగ్ జార్జి ఆసుపత్రిని ప్రారంభించిరి. దాని యండనే పుట్టిన వైద్యకళాశాల కాలక్రమమున ఆంధ్ర వైద్యకళాశాల యను పేర ప్రసిద్ధమయ్యెను. రేవు తెరువబడుటకు ఇంకను పదేండ్లు పట్టనున్న ఆ దినములలో, విద్యార్థికి దేహతత్త్వమును బోధించు పరమగురువు శవమే. శవము ఎన్ని తప్పులనైనను ఓర్చుకొనును. కాని నెత్తురోడదు, మూలుగదు, ఒకమారు తెగిన నరమును రెండవ విద్యార్థికి మరల నొసగదు.

తప్పు జరిగినను ఎవరికిని కీడు కలుగని తావొకటి వైద్యునికి కావలెనను ఈ కోరికయే కంప్యూటరు కల్పించు వర్చువల్ లోకమునకు వైద్యమున ద్వారము తెరచినది. 1968లో అమెరికాలో కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఐవన్ సదర్లండ్ తలకు తగిలించి చూపిన పరికరము, ఇంటికప్పునుండి వ్రేలాడదీయవలసినంత బరువు. అందు కనబడినవి గీతల బొమ్మలు మాత్రమే. 2002లో యేల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 16 మంది శస్త్రవైద్య శిక్షణార్థులను పరీక్షింపగా, అట్టి కల్పితలోకమున ముందుగా సాధన చేసినవారు పిత్తాశయమును వేరుచేయు పనిని 29 శాతము వేగముగా ముగించిరి. వారి తప్పులు తక్కినవారి తప్పులలో ఆరవవంతు మాత్రమే.

పరిశోధన వైద్యుని చేతితోనే ఆగక, రోగి మనస్సువైపును మరలుట నాకు మరింత వింత. సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనువారు 1996లో ఆరంభించిన కృషి క్రమముగా 'స్నోవరల్డ్' అను లోకమును సృజించినది: కాలిన గాయమునకు కట్టు మార్చుచుండగా రోగి మంచులోయలో మంచుముద్దలు విసరుచు విహరించును, బాధ తగ్గును. ఉక్కు కొలుముల సెగ నెరిగిన విశాఖవారికి దీని విలువ చెప్పనక్కరలేదు. ఈ కల్పితలోకములకు దోషమును లేకపోలేదు: దేహము కదలుచున్నదని కన్ను చెప్పును, కాదని లోచెవి చెప్పును, ఓడ ఎక్కకయే ఓడవికారము కలుగును.

విశాఖలోనే 2018 డిసెంబరులో, ఉక్కు కర్మాగారమున్న వైపున, పెదగంట్యాడ చేరువను 270 ఎకరములలో వైద్యపరికరములు తయారగు మెడ్‌టెక్ జోన్ ఆరంభమైనది. కోవిడు కాలమున వెంటిలేటర్లను, పరీక్ష కిట్లను అందించిన ఆ ఆవరణ ఇనుమును విద్యుత్తును కలసిన యంత్రములది. తలకు తగిలించు లోకములును తుదకు కొలతకు, పరీక్షకు తలయొగ్గవలసిన యంత్రములే గదా! అటు కొండవాలున, కళాశాలలో అడుగిడిన తొలియేటి విద్యార్థి మాత్రము నేటికిని శవము నెదుటనే నిలుచుచున్నాడు.