కనిపించని ఒర

కత్తి ఒరకూ పిస్తోలు ఒరకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. కత్తి ఒర పదిమంది కళ్లా పడటానికే పుట్టింది. దానిమీద వెండిరేకులు తాపడం చేశారు, రాళ్లు పొదిగారు. ఒరను చూసి మనిషి హోదాను అంచనా కట్టేవారు. ఈనాడు అమెరికాలో లక్షలాది సామాన్య పౌరులు నడుముకు తగిలించుకుని తిరిగే పిస్తోలు ఒర సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అది ఎంత కనబడకుండా ఉంటే అంత మేలైనది. హోల్‌స్టర్ అనబడే ఈ వస్తువును కొనబోయేవాడు ముందుగా తెలుసుకోగోరేది, చొక్కా కింద దాని ఆకారం పైకి తెలుస్తుందా, తెలియదా అన్న సంగతి.

పైకి ఇది కేవలం సొంత అభిరుచికి సంబంధించిన విషయంలాగా ఉంటుంది. తోలుది కొనాలా, ప్లాస్టిక్‌ది కొనాలా, పంట్లాం లోపల పెట్టుకోవాలా, బయట పెట్టుకోవాలా అన్నది ఎవడి ఇష్టం వాడిది గదా! ఐతే ఆయుధాన్ని దాచుకోవడం ఒకప్పుడు నీచమైన నేరమనిపించుకుని, తరవాత మర్యాదస్తుల లక్షణం ఎలా అయింది? దాచుకునే హక్కు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు? ఈ ప్రశ్నలకు జవాబు తోలుపని చేసేవాడి దగ్గర దొరకదు. దానికి అమెరికా సాంఘిక చరిత్రలోకి వెళ్లాలి.

మొదట పిస్తోలు ఒర మనిషికి కాదు, గుర్రానికి. జీనుకు ముందువైపున జతగా వేలాడే ఆ ఒరల్లో బరువైన పిస్తోళ్లు ఉండేవి. శామ్యూల్ కోల్ట్ 1836లో తన రివాల్వరుకు పేటెంటు పొందిన తరవాత ఆయుధం చిన్నదవుతూ వచ్చింది. 1849 నాటి కోల్ట్ జేబు రివాల్వర్లు మూడు లక్షలకు పైగా తయారైనాయి. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన పిస్తోలు అరచేతిలో ఇమిడేది. 1865 ఏప్రిల్ 14న లింకన్‌ను కాల్చినవాడు నాటకశాలలోకి దాచి తెచ్చింది అటువంటి పిస్తోలునే.

దాచిన ఆయుధంపై నిషేధం అంతకుముందే మొదలైంది. కెంటకీ, లూయిసియానా రాష్ట్రాలు 1813లోనే అందుకు చట్టాలు చేశాయి. 1850లో లూయిసియానా ఉన్నత న్యాయస్థానం ఒక తీర్పు చెబుతూ, ఆయుధాన్ని బాహాటంగా ధరించడం పౌరుడి హక్కనీ, దాచుకోవడం పౌరుషంలేని రహస్యహత్యలకు దారితీస్తుందనీ భావించింది. ఈ నీతి వినడానికి ఎంత ఉదాత్తంగా ఉందో! ఐతే ఇది ఎవరి నీతి? బానిసల సంతలు సాగుతున్న రాష్ట్రంలో నడుముకు పిస్తోలు కట్టుకుని నలుగురిలో నిలబడగలిగిన పెద్దమనిషి నీతి. ఆయుధం పైకి కనబడటంలోనే అతని అధికారం ఉంది; దాచుకోవలసిన అగత్యం అతనికి లేదు. బానిసకు దాచుకునే హక్కూ లేదు, చూపుకునే హక్కూ లేదు.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యేసరికి ఈ నీతికి ముసుగు తొలగింది. 1865లో మిసిసిపీ శాసనసభ, విముక్తులైన నల్లజాతివారు లైసెన్సు లేకుండా ఏ రకమైన తుపాకీ ఉంచుకోరాదని చట్టం చేసింది. జాతి పేరెత్తి చట్టం చేయడం రాజ్యాంగ సవరణల వల్ల కష్టమైపోయాక పాలకవర్గాలు మరో మార్గం కనిపెట్టాయి. అది ధర మార్గం. 1879లో టెన్నెసీ, 1881లో ఆర్కన్సా రాష్ట్రాలు సైన్యమూ నౌకాదళమూ వాడే పెద్ద రివాల్వర్లను తప్ప మిగతా పిస్తోళ్లను నిషేధించాయి. ఆ పెద్ద రివాల్వరు ఖరీదైన సరుకు. మాజీ సైనికాధికారి ఇంట్లో అది ఎలాగూ ఉంది; కౌలు పొలంలో పనిచేసేవాడు కొనగలిగింది చౌక పిస్తోలే. పైగా ఆర్కన్సాలో దాన్ని కప్పకుండా చేతిలో పట్టుకునే తిరగాలన్నారు. అనగా, ఒరను చట్టమే తీసిపారేసింది! చేతిలో రివాల్వరుతో వీధిలో నడిచే తెల్లవాడి గతీ, నల్లవాడి గతీ ఒకటే అవుతాయా?

ఫ్లోరిడా ఉదంతం ఇంకా స్పష్టమైనది. అక్కడ 1893లో చేసిన లైసెన్సు చట్టంలో జాతి ప్రసక్తే లేదు. ఐతే 1941లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో ఒక న్యాయమూర్తి దాని గుట్టు విప్పాడు. టర్పెంటైన్ తీసే శిబిరాల్లోనూ కలప శిబిరాల్లోనూ పనిచేసే నల్లజాతి కూలీలను నిరాయుధులను చేయడానికే ఆ చట్టం పుట్టిందనీ, తెల్లవారికి వర్తింపజేయాలన్న ఉద్దేశం ఎన్నడూ లేదనీ, ఆచరణలో వర్తింపజేయనూ లేదనీ ఆయన రాశాడు. ఇక్కడ మనం గమనించవలసింది 'కూలీలు' అన్న మాటను. భయం రంగును చూసి మాత్రమే కలిగింది కాదు. శిబిరంలో కూలి ఎగ్గొట్టే యజమానికి ఎదురు తిరగగల మనిషిని చూసి కలిగిన భయమది.

తెల్లజాతి కార్మికుల విషయంలో మాత్రం న్యాయం వేరుగా ఉందా? పశ్చిమ వర్జీనియాలో బొగ్గుగని కార్మికుల పక్షాన నిలిచిన పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌ను 1921 ఆగస్టు 1న వెల్చ్ పట్టణంలో కోర్టు మెట్లమీద గని యజమానుల ప్రైవేటు డిటెక్టివులు కాల్చి చంపారు. అప్పుడు అతని చేతిలో ఆయుధం లేదు. చంపినవాళ్లలో ఒక్కడికీ శిక్ష పడలేదు. దాచిన పిస్తోలు యజమాని జీతగాడి దగ్గర ఉంటే ఆత్మరక్షణ. కార్మికుడి దగ్గర ఉంటే కుట్ర. న్యూయార్కులో 1911లో సలివాన్ చట్టం వచ్చింది. జేబులో పట్టే ఆయుధానికి లైసెన్సు తప్పనిసరి చేసిన ఆ చట్టం కింద తొలిరోజుల్లో పట్టుబడినవారిలో ఇటలీనుంచి వలసవచ్చిన పేదలు ప్రముఖంగా కనిపిస్తారు.

ఇలా ఒకవైపు చట్టం దాచుకోవడాన్ని నేరం చేస్తుంటే, మరోవైపు దాచుకునే కళ ప్రభుత్వ నీడలోనే పెరిగింది. ఎఫ్‌బీఐ ఉద్యోగులకు ఆయుధం ధరించే అధికారం 1934లో వచ్చింది. కోటు వేసుకున్న అధికారి పిస్తోలు కోటు కిందే ఉండాలి. 1950లలో న్యూయార్కు నగరంలో చిక్ గేలార్డ్ అనే పనివాడు డిటెక్టివుల కోసం ఒంటికి అతుక్కుని ఉండే ఒరలు కుట్టాడు. కాలిఫోర్నియాలో మాదకద్రవ్యాల ముఠాల మధ్య మారువేషంలో తిరిగిన బ్రూస్ నెల్సన్ అనే అధికారి, కోటు తొడగలేని ఎండాకాలం కోసం పంట్లాం లోపల ఇమిడే ఒరను రూపొందించాడు. దాని పేరే 'సమ్మర్ స్పెషల్'. పిస్తోలు పైకి లాగినా ఒర నోరు ముడుచుకుపోకుండా అందులో లోహపు పట్టీ పెట్టాడు. విమానాల లోపలి భాగాల్లో వాడే కైడెక్స్ అనే ప్లాస్టిక్‌ను 1970లలో బిల్ రోజర్స్ ఒరలకు వాడాడు. ఆయనా ఎఫ్‌బీఐలో పనిచేసినవాడే. ఈనాడు సామాన్యుడు కొనే ఒరలో ఇమిడి ఉన్న తెలివి చాలామటుకు పోలీసు తెలివి.

ఆ పోలీసు తెలివి సామాన్యుడి నడుము దాకా ఎలా దిగి వచ్చింది? 1956 జనవరి 30న మోంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిమీద బాంబు పడింది. ఆయన పిస్తోలు ధరించడానికి అనుమతి కోరాడు. అధికారులు నిరాకరించారు. ఇంటిమీద బాంబు పడినవాడికంటె ఆత్మరక్షణ అవసరం ఎవరికి ఉంటుంది? 1967 మే 2న బ్లాక్ పాంథర్లు తుపాకులు బాహాటంగా చేతబట్టి కాలిఫోర్నియా శాసనసభలో ప్రవేశించారు. లోగడ పెద్దమనిషికి పౌరుషంగా చెల్లిన పనే అది. కొద్ది వారాలకే గుండు నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించే ముల్ఫర్డ్ చట్టం మీద గవర్నరు రేగన్ సంతకం చేశాడు.

ఆ తరవాత ఇరవై ఏళ్లకు, 1987లో, ఫ్లోరిడా మరో చట్టం చేసింది. నిర్దేశించిన అర్హతలుంటే దాచి ధరించే అనుమతిని అధికారి ఇచ్చి తీరాలి. తుపాకీ సంఘాల ఒత్తిడితో ఈ పద్ధతి రాష్ట్రంనుంచి రాష్ట్రానికి పాకింది. 2013లో ఇల్లినాయి కూడా లొంగడంతో అనుమతికి వీలేలేని రాష్ట్రం ఒక్కటీ మిగల్లేదు. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో అసలు అనుమతే అక్కర్లేదు. వేటగాడికి తుపాకీ ఒకసారి అమ్మితే తరతరాలకు సరిపోతుంది. నిత్యభయం అలా కాదు. దానికి చిన్న పిస్తోలు కావాలి, దానికి ఒర కావాలి, ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి కావాలి. నడుముకు గట్టి బెల్టు, పైన వదులు చొక్కా కూడా కావాలి. భయాన్ని సరుకుగా మార్చడంలో పెట్టుబడిదారీ వ్యవస్థకున్న నేర్పుకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఐతే సరుకు ఎంత మెరుగైనా అందులోని వైరుధ్యం తొలగదు. మంచి ఒరకు మూడు లక్షణాలు ఉండాలంటారు. ట్రిగ్గరును పూర్తిగా కప్పాలి, లేకపోతే వేలో గుడ్డ అంచో తగిలి పేలుతుంది. వంగినా పరుగెత్తినా పిస్తోలు జారకూడదు. ఆకారం పైకి తెలియకూడదు. లోతుగా దాచితే అవసరానికి చేతికి అందదు. చేతికి అందేలా పెడితే పైకి తెలుస్తుంది. మెత్తటి గుడ్డ ఒర ఒంటికి హాయి, కాని అది ట్రిగ్గరును కాపాడదు. బెల్టు లేని దుస్తులు ధరించే స్త్రీకి చేతిసంచీలో ఒర అమ్ముతారు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రం హేడెన్‌లో ఒక దుకాణంలో, అటువంటి సంచీలోనుంచే రెండేళ్ల పసివాడు పిస్తోలు తీశాడు. అది పేలి తల్లి చనిపోయింది. 2022లో ఆ దేశంలో తుపాకీ మరణాలు 48 వేలకు పైగా ఉన్నాయి. అందులో సగానికి మించి ఆత్మహత్యలు. ఎదుటివాడి కోసమని కొన్న ఆయుధం ఎవరి ప్రాణం తీస్తున్నదో ఈ లెక్కే చెబుతుంది.

ఇక చట్టాలన్నీ సడలిన తరవాతనైనా హక్కు అందరిదీ అయిందా? 2016 జులై 6న మినెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడి కారును పోలీసు ఆపాడు. అతను బడిలో పిల్లలకు భోజనం వడ్డించే ఉద్యోగి. అనుమతి పొందినవాడు. తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా తనే చెప్పాడు. మరుక్షణమే పోలీసు కాల్చి చంపాడు. మరుసటి సంవత్సరం జూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలిపెట్టింది. ఏ ఒరైనా తుపాకీని దాచగలదేగాని ఒంటి రంగును దాచలేదు.

కనక తుపాకీ నియంత్రణ కోరేవారంతా ప్రజల పక్షమనీ, వ్యతిరేకించేవారంతా ప్రతిపక్షమనీ గీత గీసి ఊరుకోవడం తేలిక పని. 2022లో సుప్రీంకోర్టు న్యూయార్కు పాత చట్టంలోని అనుమతి నిబంధనను కొట్టివేసినప్పుడు, ఆ నిబంధన పోవాలని వాదించినవారిలో తుపాకీ సంఘాలే కాక పేదల తరపున ఉచితంగా వాదించే న్యాయవాదులు కూడా ఉన్నారు. తమ కక్షిదారులు, అనగా నల్లజాతి, లాటినో పేదలు, ఆ చట్టం కింద జైళ్లపాలు కావడం వాళ్లు రోజూ చూసినవాళ్లు. వాళ్లు చెప్పింది నిజమే. ఆ తీర్పు తరవాత తుపాకుల బేరం పెరగడానికి దారి సుగమమైందన్నదీ నిజమే. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని వదిలేసి రాసేది చరిత్ర కాదు.

మనకు ఇది దూరపు గొడవ కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో, మా దేశం వదిలి పొమ్మని అరిచి ఒక తెల్లజాతివాడు ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు. మన పిల్లలు చదువుకు వెళ్లి స్థిరపడుతున్న ఊళ్లలో, మనమూ ఒకటి కొనుక్కుంటే తప్పేమిటి అన్న ప్రశ్న రేపు మన ఇళ్లలోనూ పుడుతుంది. దానికి నీతిబోధ జవాబు కాదు. ఒలేత మృతుడి నడుముకు ఎంత మంచి ఒర ఉన్నా, అతన్ని పరాయివాడుగా చూపిన ద్వేషం అంగుళం కూడా తగ్గేది కాదు. ఒక్కొక్కరూ విడివిడిగా దాచుకునే రక్షణ, ఇరుగుపొరుగులు కలిసి కల్పించుకునే రక్షణకు ప్రత్యామ్నాయం కాజాలదు. ఏ ఒర మంచిదని అడిగే విద్యార్థితో ఉపాధ్యాయుడు ముందుగా ఈ చరిత్ర చదివించాలి. తన భయం ఎక్కడ తయారైందో, దానివల్ల ఎవరు లాభపడుతున్నారో తెలుసుకున్న తరవాత ఏం చేయాలన్నది ఆ విద్యార్థి తేల్చుకోగలడు.