యుగంధరా? షాడోనా?
కరీంనగర్, నల్గొండల నుంచి భివండీ పవర్‌లూమ్‌లకు వలస వచ్చిన మన పద్మశాలీల సంచుల్లో డిటెక్టివ్ నవలలూ వచ్చాయి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అసిస్టెంట్ రాజును వెంటబెట్టుకుని బుర్రతో కేసు తేలుస్తాడని మన పెద్దలు మెచ్చుకునేవారు. మధుబాబు షాడో ఒంటిచేత్తో శత్రువులను మట్టి కరిపిస్తాడని కుర్రాళ్లు మురిసేవారు. పన్నెండు గంటల పాళీ చేసొచ్చినవాళ్లకు ఆ తెగువంటేనే ఇష్టం మరి. షాడో బాస్ కులకర్ణి దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఒకప్పుడు మరాఠీ పల్లెల్లో కులకర్ణి అంటే కరణం. ఆ పేరు మనకు ఇరుగుపొరుగు పేరే. ఇప్పుడు మన పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. ఈ వాదన వాళ్లకూ అందాలంటే ముందు తెలుగు అక్షరాలు రావాలి. ఆదివారం ఒక గంట కూర్చోబెట్టి మనమే నేర్పుదాం.