సంతానలేమి - రూబిన్ వాయుపరీక్ష

సంతానము కలుగని యింట నింద తొలుత ఇల్లాలిపై పడుట చిరకాలముగ వచ్చుచున్న యాచారము. గొడ్రాలను మాట అనుట తేలిక. కారణమును నిరూపించుట మాత్రము వైద్యులకు సైతము బహుకాలము దుస్సాధ్యమై యుండెను.

అండము గర్భాశయమును చేరుటకు ఇరువైపుల రెండు సన్నని నాళములు కలవు. పదునారవ శతాబ్దమున ఇటలీ దేశీయుడగు ఫాలోపియో వీనిని వర్ణించుటచే ఫాలోపియన్ నాళములని పేరు వచ్చెను. ఇవి రెండును పూడిపోయినచో సహజముగ గర్భము నిలువదు. అయినను, అవి తెరచియున్నవో లేదో తెలియుటకు ఇరువదవ శతాబ్దారంభమున పొట్ట కోసి చూచుట తప్ప నమ్మదగిన మార్గము లేకుండెను.

1914లో అమెరికాయందు కేరీ, రూబిన్ అను వైద్యులు వేర్వేరుగ, కొల్లార్గాల్ అను వెండి కలిసిన ద్రవమును గర్భాశయములోనికి పంపి ఎక్స్‌రే చిత్రములు తీసిరి. కాని ఆ ద్రవము లోపలి పొరలకు తాపము కలిగించుచుండెను. అందుచే న్యూయార్కునందలి మౌంట్ సైనాయి వైద్యశాలకు చెందిన ఐసిడోర్ రూబిన్, శరీరము తనంతట పీల్చుకొనగల వాయువు నాశ్రయించెను. 1919లో తొలిపరీక్ష జరిపి, 1920లో దానిని ప్రకటించెను. మొదట ఆక్సిజనును, పిదప మరింత త్వరగ ఇంకిపోవు కార్బన్ డయాక్సైడును వాడిరి.

సన్నని గొట్టముద్వారా వాయువును గర్భాశయములోనికి మెల్లగ పంపుదురు. పాదరసపు మాపకము ఒత్తిడిని చూపుచుండును. నాళము తెరచియున్నచో వాయువు ఉదరమున ప్రవేశించును, ఒత్తిడి దిగును. స్త్రీ లేచి కూర్చొనగనే భుజమున నొప్పి తోచును. వాయువు పైకి పోయి, రొమ్మునకును పొట్టకును నడుమనున్న పొరను తాకినదనుటకు అదియే గుర్తు. పాదరసము 200 మిల్లీమీటర్ల కెక్కినను దిగకున్నచో నాళములు మూసికొన్నవని యెంచిరి. కత్తితో పనిలేక, వైద్యుని గదిలోనే ఇది ముగియుచుండెను.

ఈ పరీక్షకు లోపములును కలవు. రెండు నాళములలో ఏది పూడినదో, ఎచట పూడినదో ఇది చెప్పజాలదు. కండరము బిగిసికొన్నను నాళము పూడినట్లే తోచును. అందుచే క్రమముగ ఎక్స్‌రే చిత్రములును, ఆ పిమ్మట అల్ట్రాసౌండు పరీక్షలును దీని స్థానము నాక్రమించినవి. నేడు రూబిన్ పరీక్ష వైద్యచరిత్రలోని విషయము.

అయినను శ్రోతలు గమనింపదగినది యొకటి కలదు. నాళములు తెరచియున్నవని తేలినపుడు కారణమును వేరొకచోట వెదకవలసివచ్చును. అట్టి వెదకులాటలో భర్తకు జరుపవలసిన పరీక్ష కూడ చేరియున్నది. నిందకు మారుగ నిదర్శనము నడుగుట నేర్పిన మేలు ఈ చిన్న పరీక్షది.