బిళ్ళ లేని సైన్యం

సైనిక దళాల బిళ్ళలు పోగుచేయడం నాకు చిరకాలపు అలవాటు. ఇది పిల్లచేష్ట అనే మిత్రులున్నారు. కాని బిళ్ళ బంట్రోతును చూస్తే అతని యజమాని ఎవరో తెలిసినట్లే, సైనికుని బిళ్ళ కూడా అతడు ఎవరి ఉప్పు తిన్నాడో చెబుతుంది. చరిత్ర విద్యార్థికి ఇది చిన్న ఆధారం కాదు.

నా దగ్గర ఉన్న ఒక బిళ్ళమీద ఏటవాలుగా పెట్టిన రెండు కుక్రీ కత్తులు, వాటి కింద 5 అంకె ఉన్నాయి. అది ఐదవ గూర్ఖా రైఫిల్సుది. ఆ రెజిమెంటు రెండవ బెటాలియను, నల్లపిల్లి గుర్తు ధరించిన 17వ డివిజనులో చేరి, బర్మాలో జపాను సైన్యంతో పోరాడింది. ముగ్గురు విక్టోరియా క్రాసులు పొందారు. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం బెజవాడ వైపునుండి కోదాడ చేరింది. 15న సూర్యాపేటను ఆక్రమించినది ఈ బెటాలియనే.

మరి ఎదుట నిలిచిన నిజాం సేనలు? 1941 డిసెంబరులో మలయాలోని కోటాబారు విమానస్థావరాన్ని కాపాడడానికి బ్రిటిషువారు నిలిపిన దళాలలో హైదరాబాదు పదాతిదళం ఒకటి. అంటే ఒకే సామ్రాజ్యం కోసం ఒకే శత్రువుతో పోరాడిన రెండు సైన్యాలు, ఏడేళ్ళు తిరగకముందే మన ఊళ్ళ మధ్య ఎదురుపడ్డాయన్నమాట.

అయితే ఈ గడ్డమీద మూడవ సైన్యం కూడా ఉంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుండి, వడిసెలలతో, గుతుపలతో దొరలను, రజాకార్లను ఎదిరించిన రైతుకూలీల సైన్యమది. నిజాం లొంగిపోయిన తరువాత యూనియన్ సైన్యం తుపాకులు ఈ దళాలవైపే తిరిగాయి. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేనాటికి నాలుగు వేలమంది వరకు ప్రాణాలర్పించారని సుందరయ్య లెక్క.

ఆ సైన్యపు గుర్తు కోసం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో తిరిగాను. మిర్యాలగూడ దగ్గర ఒక వృద్ధుడు నవ్వి, “బిళ్ళ ఎక్కడిది బిడ్డా! మా నాయన భుజం మీద గొంగడి ఉండె, అంతే” అన్నాడు.

ఆ మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. బిళ్ళను ఇచ్చేది ప్రభుత్వం. ప్రజల మధ్య ప్రజలుగా కలిసిపోవడమే రక్షణ అయినవారు బిళ్ళ ఎలా ధరిస్తారు? బిళ్ళలు మాత్రమే దాచే మ్యూజియంలో వారికి చోటుండదు. వారి ఆనవాళ్ళు ముసలివారి జ్ఞాపకాలలోనే ఉన్నాయి. ఆ ముసలివారు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! ఇత్తడి మరికొంతకాలం ఆగగలదు. ముందు ఆ గొంగళ్ళ కథలు సేకరించండి.