కోనసీమలో చిన్నకారు, సెడాన్

గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమకు తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. నడుమ వైనతేయ పాయ. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం ఇంకా నిర్మాణంలోనే ఉంది. అందువల్ల ఈ సీమలో కారు కథ రేవులతో, వంతెనలతో ముడిపడింది. పాత తరం చిన్నకారుగా ప్రీమియర్ పద్మినిని, నేటి సెడాన్‌గా మారుతి డిజైర్‌ను తీసుకుంటే ఆ కథ బాగా తెలుస్తుంది.

వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, బొంబాయి కుర్లాలోని కర్మాగారంలో ఇటలీ ఫియట్ సంస్థ లైసెన్సుతో కార్లు చేసింది. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్, 1970లలో పద్మిని పేరు పెట్టుకుంది. పేరు మారినా జనం నోట అది ఫియట్ కారే. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు కడ్డీ, వెనుక కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. లైసెన్సుల కాలంలో బుక్ చేసినవారు ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. 2000 ప్రాంతంలో తయారీ ఆగింది.

ఆ రోజుల్లో కోనసీమ దాటడమంటే చాలాచోట్ల పంటు (వాహనాలను ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కడమే. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి కార్లు పంటు మీదే గోదావరి దాటేవి. యానాం–యెదుర్లంక వంతెన 2002లో వచ్చాక కాకినాడ నుంచి అమలాపురం ప్రయాణం రేవు వేళల బెడద నుంచి బయటపడింది. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ అదే ఏడాది హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన కోనసీమ నేత జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. రాజోలు దగ్గరి దిండి నుంచి చించినాడ వైపు వసిష్ఠ మీద కూడా వంతెన లేచింది. దూరప్రయాణానికి పనికొచ్చే కారు అవసరం ఇక్కడివారికి ఈ వంతెనలతో పెరిగింది.

ఈ రెండు కార్లకూ మధ్య 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాలకు చోదకశక్తి. పద్మినికి గిరాకీ తగ్గించింది అదే.

డిజైర్ 2008లో 4160 మిల్లీమీటర్ల పొడవుతో మొదలైంది. నాలుగు మీటర్లకు మించని, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు 2006 బడ్జెట్టు ఎక్సైజు సుంకం తగ్గించింది. ఆ లెక్కకు సరిపోయేలా 2012లో డిక్కీ కుదించి 3995కు తెచ్చారు. పద్మిని పొడవు కూడా నాలుగు మీటర్లకు కాస్త తక్కువే. అదీ డిక్కీ ఉన్న నాలుగు తలుపుల కారే కనుక, దాన్ని చిన్నకారనీ దీన్ని సెడాననీ అనడం నిలకడైన విభజన కాదు.

అసలు తేడా వెడల్పులో ఉంది. పద్మిని సుమారు 146 సెంటీమీటర్లు, నేటి డిజైర్ 173.5. కొత్తపేట, అంబాజీపేట వైపు కాలువ గట్ల మీది రోడ్లలో ఒక పక్క నీరు, మరో పక్క కొబ్బరి తోట. రెండు పద్మినిలు ఎదురుపడి తప్పుకున్న చోట రెండు డిజైర్లకు మరో అర మీటరుకు పైగా జాగా కావాలి. పల్లె వీధుల్లో పాత కారే సుఖమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరమ్మతులోనూ పాత కారుకు ఒక వెసులుబాటు ఉంది. వానకు డిస్ట్రిబ్యూటరు తడిసి పద్మిని ఆగిపోతే మూత విప్పి తుడిచి, ఆరబెట్టి మళ్లీ నడిపించవచ్చు. వరదనీటిలో ఆగిన కారును మాత్రం, పాతదైనా కొత్తదైనా, మళ్లీ స్టార్ట్ చేయకూడదు. గాలిమార్గం గుండా సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. లంక గ్రామాల కాజ్‌వేల మీద వరద పారే రోజుల్లో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

రక్షణలో మాత్రం పోటీయే లేదు. 2024 డిజైర్‌కు ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు అయిదు నక్షత్రాలు వచ్చాయి. పద్మినికి ఇవేవీ లేవు. అయితే కారు కాలువలో పడితే పద్మిని అద్దాన్ని చేత్తో తిప్పి దించవచ్చు. కరెంటు అద్దాలు నీట మునిగాక పనిచేస్తాయన్న భరోసా లేదు. ఏ కారులో ఉన్నవారైనా నీరు అద్దం మట్టానికి రాకముందే సీటు బెల్టు విప్పుకుని, అద్దం దించి బయటపడాలి.